తడవని తెల్లబట్టలు

ఆదివారం రాత్రి, శామీర్‌పేట్

సందేహం ఉన్న గుండెలో దేవుడు ఉండడా? కాలేజీలో చదివే రోజుల నుంచీ ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. ఈరోజు అదే ప్రశ్న మా అక్క కూతురు రూతును చెరువు గట్టు మీద ఏడిపించింది.

నీళ్లలోకి దింపి బాప్తిస్మం ఇచ్చే ముందు మా చర్చి పాస్టరు అయ్యగారు ఒక్కొక్కరినీ అడిగారు: "ఏ సందేహం లేకుంట నమ్ముతున్నవా బిడ్డా?" అందరూ అవునన్నారు. రూతు మాత్రం, "ఒక్కోసారి డౌటొస్తది అయ్యగారూ. అయినా ప్రార్థన జేస్త," అంది.

"అయితే ఇగ వచ్చే నెల సూద్దాం," అని పక్కన నిలబెట్టేశారు!

నాకు ఒళ్లు మండిపోయింది. "నిజం జెప్పినందుకా అయ్యగారూ గీ శిక్ష?" అనేశాను.

"నువ్వు కాలేజీల జెప్పే ఫిలాసఫీ గీడ నడ్వదమ్మా," అని నవ్వారాయన. ఆ నవ్వు ఇంకా మండిస్తోంది.

పోయిన శతాబ్దపు స్పెయిన్ తత్వవేత్త ఒకాయన గురించి రూతుకు చెప్పింది నేనే. బతికినన్నాళ్లూ దేవుణ్ణి అనుమానించాడు, వెతకడం మాత్రం మానలేదు. సందేహంతో పెనుగులాడని విశ్వాసాన్ని ఆయన విశ్వాసమే అనుకోలేదు. ముసలితనంలో, తన విశ్వవిద్యాలయంలోనే, తిరుగుబాటు చేసిన సైన్యం మనుషులకు ఎదురు మాట్లాడి, చివరికి సొంత ఇంట్లోనే బందీగా కన్నుమూశాడు.

తెల్లబట్టలు తడవకుండానే ఇంటికొచ్చిన రూతు అడిగింది: "చిన్నమ్మా, అమ్మ మస్తు పరేషాన్ అయితాంది. వచ్చే నెల డౌట్ లేదని చెప్పాల్నా?"

నిజమే చెప్పమంటే మళ్లీ గట్టు మీదే నిలబడుతుంది. లేదనమంటే అబద్ధంతో నీళ్లలోకి దిగుతుంది. ఆ పిల్లకు ఏం చెప్పాలో నేనింకా తేల్చుకోలేదు.