చూడని నాడి

రత్నమ్మక్కా,

నమస్కారం. నువ్వు పోయి పదకొండు నెలలు దాటింది. ఆ రోజు నిన్ను ‘ఏమే’ అని పిలిచినవాణ్ణి ఇప్పుడు అక్కా అంటే నీకు నవ్వొస్తుందేమో... నవ్వుకో.

నేనెవరో గుర్తున్నానా? ఆదోనిలో పత్తి వ్యాపారం చేసే శెట్టిగారి కొడుకును, డాక్టరు చదువుతున్నవాణ్ణి. వేసవి సెలవుల్లో మా వీధి డాక్టరుగారి దగ్గర చీటీలు రాసేవాణ్ణి. మెడలో కొత్త స్టెతస్కోపు. వీధంతా చూడాలని దాన్ని ఇంటి నుంచే వేసుకుని వచ్చేవాణ్ణి.

నువ్వు ఆ పూట పత్తి మిల్లు పని మానుకుని వచ్చావు. మీ వాళ్లకని వేరుగా ఉంచిన కింది మెట్టు మీద కూర్చున్నావు. డాక్టరుగారు అక్కడికి రారు. మెట్టు మీది వాళ్లను చూసి రాసుకురావడం నా పని. నువ్వు చెయ్యి చాపావు.

“సామీ, చెయ్యి పట్టుకొని సూడు. పైకి తెలీదు గానీ లోపల కాలిపోతాండాది. ఊపిరి తీస్తే ఈడ పొడిసినట్లయితాది” అని పక్కటెముకలు చూపించావు.

నేను పట్టుకోలేదు.

ఎందుకో తెలుసా? నిజం చెబుతున్నాను. భోజనం వేళ అయింది. నిన్ను ముట్టుకుంటే, తలస్నానం చెయ్యందే మా అమ్మ నన్ను వంటింట్లోకి రానివ్వదు. ఆ వారం బావి అడుగంటి ఇంట్లో నీళ్లకు కటకటగా ఉంది. నాకు ఆకలేస్తోంది. అంతే అక్కా... రెండు బిందెల నీళ్లు. ఇంకే కారణమూ లేదు.

చీటీలో ‘నాడి మామూలు, ఛాతీ మామూలు, జలుబు’ అని రాశాను. డాక్టరుగారు అది నమ్మి జలుబు మందు ఇమ్మన్నారు. కాంపౌండరు తగలకుండా ఎత్తు నుంచి నీ సీసాలోకి మందు వంచాడు. నువ్వు వెళుతూ వెళుతూ నా వైపు తిరిగి, “సల్లగుండు సామీ, పెద్ద డాక్టరువైతావు” అన్నావు. ఆ మాట ఎందుకన్నావక్కా?

ఐదో రోజు ఎమ్మిగనూరు నుంచి నీ కూతురు కరుణమ్మ వచ్చింది. సగం మిగిలిన సీసాను అదే మెట్టు మీద పెట్టి, నువ్వు పోయావని చెప్పి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది. నీది నిమోనియా అని అప్పుడు తెలిసింది... కాదు, నువ్వు పక్కటెముకలు చూపించినప్పుడే తెలియాలి. పుస్తకంలో ఆ పేజీ నాకు కంఠతా వచ్చు.

కాలేజీలో శవాలను కోసిన చేతులివి. ఏ శవానిది ఏ కులమని ఏ రోజూ అడగలేదు. బతికుండి చెయ్యి చాపిన మనిషి దగ్గరే నాకు కులం గుర్తొచ్చింది. ఇంతకన్నా సిగ్గుచేటు ఏముంది?

ఇప్పుడు కాలేజీ ఆసుపత్రి వార్డులో ఎవరి మణికట్టు పట్టుకున్నా లెక్క మధ్యలో తప్పుతోంది. నీ నాడి ఎంత వేగంగా కొట్టుకుందో నాకు తెలియదు. తెలియదు గనకే అది నా వేళ్ల కింద ఆగడం లేదు... మళ్లీ మొదటి నుంచి లెక్కపెడతాను. రోగి భయపడి నా మొహంలోకి చూస్తాడు.

తోటి విద్యార్థులకు ఇదంతా చెప్పాను. కొందరు నవ్వారు. నలుగురు నవ్వలేదు. వాళ్లలో కోడుమూరు నుంచి వచ్చిన ఏసోబు మీ కులంవాడు. మూడేళ్లుగా అతను మెస్సులో విడిగా తింటున్నాడన్న సంగతి నేను అప్పుడే గమనించాను, చూడు! అతను నన్ను ఓదార్చలేదు. ఏడుపు చాలించి చీటీ దిద్దుకు రమ్మన్నాడు.

మేం ఐదుగురం ఇప్పుడు ఆ ఆసుపత్రిలో రోగులందరినీ ఒకే బెంచీ మీద కూర్చోబెడుతున్నాం. ముట్టుకోకుండా రాసిన చీటీ ఎవరిదైనా చించి మళ్లీ రాయిస్తున్నాం. మాతో మాటలు మానేసినవాళ్లు చాలామందే ఉన్నారు.

ఈ సెలవులకు ఊరికి వచ్చి డాక్టరుగారి పాత చీటీల కట్ట విప్పించాను. నీ చీటీలో ‘మామూలు’ కొట్టేసి ‘చూడలేదు’ అని రాసి సంతకం పెట్టాను. ఆయన ఇక రావద్దన్నారు. మా అమ్మ రెండు రోజులుగా నాతో మాట్లాడడం లేదు.

నిన్న ఎమ్మిగనూరు వెళ్లి కరుణమ్మకు అంతా చెప్పాను. చివరిదాకా విన్నది. మధ్యమధ్య దగ్గుతోంది అక్కా... దగ్గినప్పుడల్లా పక్క పట్టుకుంటోంది. నాడి చూస్తానని చెయ్యి చాపాను. ఆమె రెండు చేతులూ కొంగు కింద దాచుకుంది.

గడప ముందు గంటసేపు కూర్చున్నాను. చెయ్యి ఇవ్వలేదు. ఎలా ఇస్తుంది?

ఇప్పుడే కోడుమూరు బస్సెక్కుతున్నాను. సెలవులకు ఇంటికొచ్చిన ఏసోబును వెంటబెట్టుకుని సాయంత్రానికల్లా కరుణమ్మ దగ్గరికి వెళతాను. నా చేతికి ఇవ్వకపోయినా అతని చేతికి ఇస్తుందేమో. నేను బయటే నిలబడతాను.

నాగభూషణం