వెనక ఎవరూ తట్టని బండి

బాపూ,

నువ్వు పోయాక మన పాత పికప్ అమ్మేసి కొత్తది తెచ్చుకున్నాం. కాలేజీకి సెలవని ఈరోజు నేనొక్కదాన్నే నిమ్మకాయల బస్తాలతో నకిరేకల్ మార్కెట్‌కు వెళ్లాను.

పాత బండిని నేను వెనక్కి తీస్తుంటే నువ్వు వెనక నిలబడి, రేకు మీద చేత్తో తడుతూ "రానియ్ బిడ్డా, నేనున్న గద" అనేవాడివి. ఆ చప్పుడుతోనే నాకు రివర్స్ వచ్చింది. ఈ కొత్తదానికి వెనక కెమెరా ఉంది. తెర చూసుకుంటూ మార్కెట్ షెడ్డులోకి తిన్నగా పెట్టేశాను.

"ఒక్కపారే పెట్టినవ్ గదక్కా!" అన్నాడు హమాలీ. పొంగిపోయాను. అద్దాలెక్కించి, ఏసీ వేసుకుని, పాటలు వింటూ ఇంటికొచ్చాను.

అమ్మ గేటు దగ్గరే నిలబడి ఉంది.

"బండి ఎనక్కి తీస్తుంటే మీ బాపు యాదికొచ్చిండా?"

ఆమె ముఖం చూసి, వచ్చిండన్నాను. నిజానికి నువ్వు గుర్తొచ్చింది ఆమె అడిగాకే, బాపూ.