ఎనిమిది మందు సీసాలు

అల్లవరం, శుక్రవారం

ప్రియమైన రత్నమాల అత్తకి,

ఫోను అమ్మతోపాటు ఆస్పత్రిలోనే ఉంది. మెసేజ్ పెడితే అమ్మ చూసేస్తుంది. అందుకే బాబ్జీ బాబాయి తెచ్చే బట్టల సంచిలో ఇది నీ పేరున పెట్టేను. చదివి చింపేయి. ఇంగ్లీష్ మీడియం దాన్ని కదా, తప్పులుంటే నవ్వకు.

నాన్న పాదం తీసేస్తారంటగా? నిజమేనా? నువ్వు ఆ వార్డులోనే నర్సువి కాబట్టి నిన్నే అడుగుతున్నాను. నాకు అన్నం దిగట్లేదు.

ఇదంతా ఏసుదాసు వల్లే. ‘గారు’ పెట్టను. రొయ్యల చెరువులో నీళ్ళు చిలికే ఏరేటర్ రెక్క తగిలి నాన్న పాదం వాచిపోతే, అమలాపురం డాక్టరు గారు పది రోజులు, రోజుకి రెండు ఇంజెక్షన్లు నరానికి చెయ్యాలన్నారు. నాలుగు రోజులు అక్కడే చేసేరు. జ్వరం దిగిపోయింది. మిగతా పన్నెండు సీసాలూ ఇచ్చి, మా ఊళ్ళో రిటైరైన నర్సు ఏసుదాసు ఉన్నాడని, ఆయన చేత చేయించుకోమని కాగితం రాసేరు. నాన్న రెండు పూటలా బండేసుకుని ఆయనింటికే వెళ్ళేవాడు. మరి మళ్ళీ జ్వరం ఎందుకొచ్చింది? కాలు ఎందుకు నల్లబడింది? మందు దాచుకుని నాన్నకి ఉత్తి నీళ్ళు ఎక్కించేడు, అంతే.

నేను ఊరుకోను అత్తా. ఇంకెవరికీ సూది గుచ్చకుండా చేస్తాను.

చెరువు కూడా బాగాలేదు. పోయిన వారం నాన్న ఏదో తెల్ల పొడి పళ్ళెంలో పోసిస్తే నేనే మేతకి పట్టించేను. అయినా రొయ్యలు చచ్చి తేలుతున్నాయి.

ఎవరికీ చెప్పకు.

నీ వి.

---

కాకినాడ, ఆదివారం

నా బంగారు వెంకటదుర్గకి,

చింపలేదు. నా యూనిఫాం జేబులోనే ఉంది.

పాదం సంగతి మంగళవారం చెప్తామన్నారు. మందు మార్చేరు. మందెక్కించడానికి నరానికి క్యాన్యులా పెట్టిన చోట ఎర్రబడిందేమోనని నేనే పూటపూటా చూసుకుంటున్నాను.

జ్వరం తగ్గడం వేరు, జబ్బు పోవడం వేరు దుర్గా. మధ్యలో మందు ఆపేస్తే మిగిలిన క్రిములు మళ్ళీ పెరిగి మొండికేస్తాయి. మీ నాన్న ఒంట్లో జరిగింది అదేనని ఇక్కడి డాక్టరు గారి అనుమానం. ఎవరు ఆపేరన్నది నాకు తెలీదు.

కానీ ఏసుదాసు గారు నాకు తెలుసు. నా ట్రైనింగులో ఆయనే సీనియర్. ‘ఇంతకుముందు మీకు ఏ మందైనా పడలేదాండీ’ అని అడక్కుండా సిరంజి పట్టుకున్నానని నా చేతి మీద ఫట్‌మని కొట్టేరు. కలిపిన మందు మిగిలితే సాయంత్రానికి దాచనిచ్చేవారు కాదు, పారబోయించేవారు. ఆయన నీళ్ళు ఎక్కిస్తారా?

ఖాళీ సీసాలు ఎక్కడున్నాయో ముందు కనుక్కో. అప్పటిదాకా ఏమీ చెయ్యకు. నా మీద ఒట్టు.

మీ అత్త,
రత్నమాల

---

అల్లవరం, గురువారం

ప్రియమైన అత్తా,

ఒట్టు ఆలస్యంగా వచ్చింది. నేను శుక్రవారమే ఫిర్యాదు పోస్టు చేసేసేను. జిల్లా ఆరోగ్య ఆఫీసుకి. ఇంగ్లీషులో, ఎవరో పెద్దాయన రాసినట్టు. పేరు పెట్టలేదు.

నిన్న జీపులో ఇద్దరు ఆఫీసర్లొచ్చేరు. ఊరంతా పోగయ్యేరు. నేను వెనక నిలబడ్డాను. ఏసుదాసు కళ్ళజోడు పెట్టుకుని నా ఉత్తరం మొత్తం చదివేడు.

“మన ఊళ్ళో ఇంత ఇంగ్లీషు ఎవరికొచ్చండీ? చక్కగా రాసేరు.”

“ఇంగ్లీషు సంగతి కాదండీ, గంగబాబుకి చేసిన ఇంజెక్షన్ల సంగతి చెప్పండి.”

“ఆయ్. నాలుగు చేసేనండి. ఆ తర్వాత గంగబాబు రాలేదు. డాక్టరు గారు మాత్రలు చాలన్నారని చెప్పి, ఎనిమిది సీసాలూ తనే పట్టుకెళ్ళేడు.”

“సాక్ష్యం?”

“గంగబాబేనండి. ఆస్పత్రిలో ఉన్నాడు.”

విచారణ అయ్యేదాకా అని ఆయన ఇంజెక్షన్లు చేసే గదికి తాళం వేసి సీలు కొట్టేరు. మాణిక్యం మామ్మ జీపుకి అడ్డంగా నిలబడి, “నా కాలి పుండుకి రేపట్నించి కట్టు ఎవడు కడతాడయ్యా, ఈ జీపు కడుతుందా?” అని అరిచింది. అందరూ నవ్వేరు. నేను నవ్వలేదు.

ఎనిమిదీ నాన్న పట్టుకెళ్ళేడంట! మరి రెండు పూటలా బండేసుకుని ఎక్కడికెళ్ళేడు? పట్టుకెళ్ళి ఏం చేస్తాడు, తాగుతాడా?

నీ వి.

---

కాకినాడ, శనివారం

దుర్గా,

రెండు వేళ్ళు తీసేరు. పాదం నిలబడింది.

మత్తు దిగి మాట వచ్చేక మీ నాన్నని సీసాల గురించి అడిగేను. గోడవైపు తిరిగిపోయేడు. అటే చూస్తూ, “నాకు తగ్గిపోయింది కదే రత్నం. రొయ్యలకే తగ్గలేదు,” అన్నాడు.

మేత కలిపే షెడ్డులో చూడు.

అత్త

---

అల్లవరం, సోమవారం

ప్రియమైన అత్తకి,

దొరికేయి. ఖాళీ మేత గోతంలో, ఎనిమిదీ. అడుగున ఇంకా అంటుకునుంది, ఆ తెల్ల పొడి అదే. రెండు పూటలా బండి వెళ్ళింది చెరువుకే. నాన్న కాలికి పడాల్సింది నా చేతులతో నేనే రొయ్యలకి పెట్టేను. అవి కూడా బతకలేదు.

సీసాలు పట్టుకుని ఏసుదాసు గారింటికి వెళ్ళేను. తాళం వేసిన గది ముందు కుర్చీలో కూర్చుని మాణిక్యం మామ్మకి కట్టు కడుతున్నారు. సీసాలు ఆయన ముందు పెట్టేను. ఆయన ఒక్కోటీ తీసి లేబుల్ చూసేరు.

“ఎనిమిదీ ఉన్నాయి. ఆ ఇంగ్లీషు నీదేనా అమ్మా?”

తలూపేను.

“నాకు కోపం లేదనుకోకు. ముప్పై ఏళ్ళు సూది పట్టేను, ఇలాంటి మాట పడలేదు. తాళం వేయించింది నువ్వు. తీయించేదీ నువ్వే.”

“రాస్తానండి.”

“తెలుగులో రాయి. ఊరందరికీ అర్థమవ్వాలి. డాక్టరు గారు పది రోజులంటే పది రోజులేనని, మనిషి మందు చెరువులో పొయ్యకూడదని కూడా రాయి. నేను చెప్తే వినరు. మీ నాన్న కాలి వేళ్ళు చూసేక వింటారు.”

“ఆ సీసాలిలా ఇయ్యి, దీని మొహాన కొడతాను,” అంది మామ్మ. ఆయన ఇవ్వలేదు. నాకే తిరిగిచ్చేసేరు.

రాసిన కాగితం దీంతో పెట్టేను. కింద నా పేరుంది. పక్కన ఖాళీ ఉంచేను, నాన్న సంతకానికి. సంతకం చేసేదాకా నేను కాకినాడ రాను, ఫోన్లోనూ మాట్లాడనని చెప్పు. ఇంటికొచ్చేక మంచానికి ఎదురుగా, టీవీ పక్కన ఆ సీసాలు వరసగా ఉంటాయి. అమ్మ తీసేస్తే మళ్ళీ పెడతాను. ఆయన రొయ్యల్ని చూసుకున్నాడు, మమ్మల్ని చూసుకోలేదు. నేను క్షమించను.

కానీ అత్తా, క్యాన్యులా దగ్గర ఎర్రబడిందేమో చూస్తూనే ఉండు. ఈసారి మందు ఎన్ని రోజులన్నారో నాకు రాయి. ఒక్క పూట కూడా తప్పనివ్వను.

నీ మేనకోడలు,
కొపనాతి వెంకటదుర్గ