మరియమ్మ గొలుసులో పిన్నీసు

కోవిల్‌పట్టి, మంగళవారం రాత్రి

ఈ రోజు బాణసంచా యూనిట్ గేటు దగ్గర కూలి ఆడవాళ్ళను తనిఖీ చేస్తుంటే, మరియమ్మ మెడ దగ్గర నా చేతిలో మెటల్ డిటెక్టరు మోగింది. బంగారానికీ మోగుతుంది కాబట్టి తాళిగొలుసు బయటికి తీయించి చూశాను. ఇనుప పిన్నీసు వేలాడుతోంది. లోపల మందు దగ్గర ఇనుము రాసుకుని ఒక్క నిప్పురవ్వ లేస్తే చాలు.

"మా ఇంటాయన తగిలించిందక్కా. పైట జారితే ఎట్లా అని దినమూ ఆయనే పెడతాడు," అంది నవ్వుతూ.

"పెండ్లై ఇన్నేండ్లాయె, ఇంకా దీనికి మొగుడే పైట సర్దాల," అంది వెనక నిలబడ్డ పొన్నమ్మ. వరుసంతా నవ్వింది. నాకు మాత్రం ఒళ్ళు మండింది.

ఇంకెవరైనా అయితే పిన్నీసు తీయించి లోపలికి పంపేదాన్ని. మరియమ్మను ఇంటికి పంపేశాను. ఈ రోజు కూలి పోయింది ఆమెకు. రూలు రూలే అన్నాను. రూలేనా?

సాయంత్రం విరుదునగర్ నుంచి మా ఆయన వచ్చేసరికి, పొద్దున డ్యూటీకి పోతూ తీసిపెట్టిన నా పిన్నీసులు మళ్ళీ గొలుసుకు తగిలించుకుంటున్నాను. ఒకటి ఎంతకీ పట్టలేదు. కాస్త పెట్టండి అన్నాను. ఫోనులోంచి తలెత్తకుండానే, "రేపు పెట్టుకోవచ్చులే," అన్నారు.

కూలి పోతుందన్న భయానికి రేపటి నుంచి మరియమ్మకు కూడా ఎవరూ పిన్నీసు పెట్టరు. అది తలుచుకుంటే హాయిగా ఉంది. ఆ హాయి రూలుది కాదు కదా...