రాజు గుడ్డు పెట్టింది

అక్టోబర్ 19
రాజు గుడ్డు పెట్టింది. ఇన్నాళ్లూ మేమంతా మగదనుకున్న రాజు!
పొద్దున మా పార్కులో చేపల బకెట్‌తో పెంగ్విన్ల మంచుగదిలోకి వెళ్లేసరికి గులకరాళ్ల గూట్లో తెల్లగా, గుండ్రంగా... మొదట అదీ ఒక రాయే అనుకున్నాను. గదిని చల్లబరిచే యంత్రాలు చూసే గంగన్నను పిలిచాను. జగిత్యాల మనిషి. వంగి చూసి, "రాజు గుడ్డు పెట్టిండక్కా!" అన్నాడు. వెంటనే ఆగిపోయి — "పెట్టిండా, పెట్టిందా? ఏమనాలె ఇప్పుడు?"


అక్టోబర్ 20
మా సూపర్‌వైజర్ లిజా మేడమ్ నవ్వేసింది. పైపైన చూసి పెంగ్విన్‌ ఆడదో మగదో చెప్పలేం, రక్తపరీక్ష చేయాల్సిందే అంది. రాజుకు చేయనేలేదట. రాళ్లు ఏరుకొచ్చి గూడు కట్టింది, పక్క గూటివాటితో పోట్లాడింది — అంతే, మగదని తేల్చేశాం.
మరి దాని జత బుజ్జి? ఆడదనుకున్నాం. రెండూ ఆడవే అయితే ఆ గుడ్డులో పిల్ల ఉండదు. కొన్నాళ్లాగి లైటు వేసి చూస్తారు. ఖాళీదైతే తీసేస్తారు.
బుజ్జి మాత్రం గూడు పక్కనే నిలబడి ఉంది, దేనికోసమో ఎదురుచూస్తున్నట్టు.

అక్టోబర్ 22
చేపల వాసనకు కడుపులో తిప్పేస్తోంది. ఇన్నేళ్లలో ఎప్పుడూ లేదు.

అక్టోబర్ 23
రాజు రెండో గుడ్డు పెట్టలేదు. మామూలుగా రెండు పెడతాయట.

అక్టోబర్ 24
క్లినిక్‌కు వెళ్లాను. అవునన్నారు. పెళ్లయిన ఆరేళ్లకు... అవును.
ఇంటికొచ్చి సుధాకర్‌కు చెబుదామని నోరు తెరిచేలోగా అతనే చెప్పాడు — సైట్ పని అయిపోయింది, వాళ్ల కంపెనీ ఎలక్ట్రీషియన్లందరినీ తీసేస్తోంది. తర్వాత నేను చెప్పాను. ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ప్రార్థన చేద్దామన్నాడు. కళ్లు మూసుకున్నాం. ఏమీ అడక్కుండానే ఆమెన్ అనేసి లేచాం.

అక్టోబర్ 27
బయట ఎడారి ఎండ ఇంకా తగ్గలేదు. లోపల వసంతం. దక్షిణ ధ్రువం వైపు ఎలాగో ఇక్కడి లైట్లూ అలాగే — రోజూ కాస్త ఎక్కువసేపు వెలుగుతాయి. అక్కడిప్పుడు మంచు కరిగి నేల తేలే కాలమట. తేలిన చోట రాళ్లు పోగుచేసి గూడు కడతాయి, గుడ్డు మంచుకు తగలకుండా.
డ్యూటీ దిగి మేముండే ఫరీజ్ అబ్దుల్ అజీజ్ పేటలో బస్సు దిగేసరికి చెమటలు. ఏ కాలంలో ఉన్నానో ఒళ్లు మర్చిపోతోంది.

అక్టోబర్ 30
గది చీకటి చేసి, గుడ్డుకు టార్చి ఆనించి చూశాం. సన్నని ఎర్రటి నరాలు, సాలెగూడులా. మధ్యలో ఏదో కదిలింది.
అంటే బుజ్జి మగది! గంగన్న తల పట్టుకున్నాడు. "గిదేం లొల్లి అక్కా, రాజు తల్లాయె, బుజ్జి తండ్రాయె!"
నేనూ నవ్వాను. ఆపుకోలేక బాత్రూంలోకి వెళ్లి కాసేపు ఏడ్చాను. ఎందుకో తెలియదు.

నవంబర్ 2
"నువ్వు ఉద్యోగం మానకు. బిడ్డను నేను చూసుకుంటాను," అన్నాడు సుధాకర్. కూరలు తరుగుతూ, అంత తేలిగ్గా.
"స్నానం చేయించడం వచ్చా?"
"నీకు వచ్చా?"
రాదు.
మనసులో మాటేనా? ఉద్యోగం పోయింది కాబట్టి అంటున్నాడా? అతన్ని నా వీసా మీద ఉండనిస్తారో లేదో అదీ తెలియదు.

నవంబర్ 4
పాలకొల్లు నుంచి అత్తయ్య ఫోన్. "మగాడు ఇంట్లో కూచుని పిల్లాణ్ణి ఆడించడమేంటమ్మా? నువ్వు వచ్చెయ్. వాడు సౌదీ వెళ్తాడు."
ఆవిడ మీద కోపం తెచ్చుకుందామనుకున్నాను. రాలేదు. కాన్పుకు పక్కన ఆవిడ ఉంటే బాగుండుననీ ఉంది మరి.

నవంబర్ 7
గుడ్డు మీద రాజు కాసేపు, బుజ్జి కాసేపు. ఇవాళ రాజు నీళ్లలోకి దిగి ఎంతకీ రాలేదు. బుజ్జి కదల్లేదు. నాకు కంగారు. "వదిలెయ్, అవి చూసుకుంటాయి," అంది లిజా మేడమ్. చివరికి వచ్చింది రాజు, ముక్కున ఒక రాయితో. దాన్ని గూట్లో పెట్టి తల వంచింది. బుజ్జీ వంచింది. చోటు మారాయి.
ధ్రువం మంచు మీద ఇంకో పెద్ద జాతి ఉందట. తల్లి సముద్రానికి పోతే, తండ్రి చలికాలమంతా తిండి లేకుండా గుడ్డును పాదాల మీద మోస్తుందట. ఇది సుధాకర్‌కు చెప్పకూడదు. వెంటనే 'చూశావా' అంటూ వాళ్లమ్మకు చెప్పేస్తాడు.

నవంబర్ 11
లిజా మేడమ్‌కు చెప్పేశాను. కౌగిలించుకుంది. ఆ వెంటనే — బకెట్లు మొయ్యొద్దు, మంచు మీద జాగ్రత్త, నెలాఖరు నుంచి లోపలికి రావొద్దు. టికెట్ల దగ్గర కూర్చోబెడతారట. ఈ ఉద్యోగం కోసం కదా ఇల్లంతా తలకిందులు చేస్తున్నాం...

నవంబర్ 15
సౌదీ నుంచి సుధాకర్‌కు ఆఫర్ వచ్చింది. మంచిదే. వారంలో జవాబివ్వాలి.
"ఏం చేద్దామంటావ్?" అన్నాను.
"నువ్వే చెప్పు."
"నీకేం కావాలో చెప్పు ముందు."
ఫోన్ బోర్లా పెట్టి కూరలు తరగడానికి లేచాడు. పని లేనప్పుడన్న మాట పని దొరికాకా అంటాడా అని చూస్తున్నాను. నన్నడిగితే... నాకేం కావాలో నాకే తెలియడం లేదు. పొద్దున ఒకటి, సాయంత్రానికి ఇంకొకటి.

నవంబర్ 18
ఏమీ తేలలేదు. అన్నం మాడ్చాను.

నవంబర్ 21
గుడ్డు మీద చిన్న చిల్లు. లోపల్నుంచి పొడుస్తోంది. ఫోన్ చేశాను, సుధాకర్ వచ్చాడు — మొదటిసారి. టికెట్ కొనుక్కుని గాజుకు అవతల పిల్లల మధ్య నిలబడ్డాడు. నేను లోపల, మంచుకోటులో. గూటివైపు చూపించాను. అతను చూడలేదు, నన్నే చూస్తున్నాడు.
ఏదో అన్నాడు. గాజు మందం, పంపుల హోరు — ఒక్క ముక్క వినపడలేదు. చెయ్యి చెవి దగ్గర పెట్టాను. మళ్లీ అన్నాడు, మెల్లగా, పెద్దగా నోరు తెరిచి. వెనక జనం తోసుకొస్తున్నారు. అర్థం కాకుండానే తలూపాను.
అతని మొహం విప్పారింది. జేబులోంచి ఫోన్ తీసి, ఎవరికో చేస్తూ జనంలో కలిసిపోయాడు.
ఇంటికొచ్చేసరికి చేపల పులుసు. కూనిరాగం. "ఇంత తొందరగా ఒప్పుకుంటావనుకోలేదు," అన్నాడు కంచం పెడుతూ.
తిన్నాను. దేనికి ఒప్పుకున్నానో — అతను సౌదీ వెళ్లడానికా, ఇంట్లో ఉండి బిడ్డను చూసుకోవడానికా — ఇంకా అడగలేదు.