పాడకుండా వదిలేసిన చరణం

శుక్రవారం, అల్ ఖోబర్, సౌదీ

ఒళ్ళు మండిపోతోంది. ఒక క్యూబా ర్యాప్ బృందం తమ వీధి కష్టాలే పాడి పెద్ద అవార్డుల దాకా వెళ్లిందని తెలిసే, నేనూ, నాతో పనిచేసే రఫీ కలిసి పాటలు మొదలుపెట్టాం. ఈరోజు తెలుగు సంఘం మాకు ఉత్తమ పాట బహుమతి ఇచ్చింది. వేదిక మీద రఫీ నా చరణాన్ని మింగేశాడు. మా కంపెనీ ఇకామా, అంటే ఇక్కడ ఉండే అనుమతి కార్డు, రెన్యూ చేయక, తల్లి చావుకి ఊరు వెళ్లలేకపోయిన మా క్యాంపు మల్లేశన్న గురించి రాసిన చరణం అది.

"మన కంపెనీ మేనేజర్ ఎదురుగానే కూర్చోనుండాడు భాయ్, ఎట్ల పాడేది?" అంటూ రఫీ షీల్డు నా చేతికివ్వబోయాడు.

"నువ్వే ఉంచుకో" అని వచ్చేశాను.

బస్సులో మల్లేశన్న నా పక్కనే కూర్చున్నాడు. "పాట మంచిగుంది తమ్మీ. మా అమ్మ ముచ్చట ఎప్పుడొస్తదా అని చూసిన" అన్నాడు.

రఫీని తిట్టుకుంటూనే ఉన్నాను. కానీ అప్పుడు వేదిక మీద రెండో మైకు నా చేతిలోనే ఉంది కదా...