పట్టీ లేని తొడ

నవంబర్ 4
కబడ్డీలో కూతకు వెళ్లి వెనక్కి తిరుగుతుంటే కుడి తొడ వెనక ఏదో తెగింది. గుడ్డ చింపినట్టు. కూత ఆపలేదు. పాకుతూ గీత ముట్టుకున్నాను.
నా జట్టులోని స్నేహితురాలు ఎస్తేరు ఒక్కతే కనిపెట్టింది. సైకిల్ వెనక కూర్చోబెట్టుకుని ఖుర్సీపార్‌లో మా ఇంటి దాకా తెచ్చింది.
"కోచ్ సార్‌కి సెప్పకే," అన్నాను.
"నానెందుకు సెప్తాను? నీ మూలుగే సెప్పేస్తాది."

నవంబర్ 5
అమ్మ ఆవనూనె వెచ్చచేసి, కాలి మీద కూర్చుని పిసికింది. దిండు కొరికాను. తొడ వంకాయ రంగుకి తిరిగింది. దెబ్బ తగిలిన మొదట్లో రుద్దకూడదట — వ్యాయామ పాఠాల పుస్తకం తెరిచి చదివి వినిపించాను.
"నీ పుస్తకం ఎప్పుడైనా కబడ్డీ ఆడిందేటే?"
మళ్లీ పిసికింది.

నవంబర్ 8
డాక్టరు మాట: కండ సగం చిరిగింది. ఆడితే మిగతా సగమూ పోతుంది.
ఆదివారమే రాష్ట్ర జట్టు సెలక్షన్. ఈ ఏడు తప్పితే నా వయసు దాటిపోతుంది. జట్టులో ఉంటేనే స్పోర్ట్స్ కోటా, ఉద్యోగం. నాన్న ఉక్కు ఫ్యాక్టరీ కొలిమి దగ్గర నుంచి బయటపడటం...
ఆడతాను.

నవంబర్ 9
పట్టీ ఎడమ తొడకి కట్టాం. బాగున్న కాలికి! ఉపాయం ఎస్తేరుదే.
"పట్టీ కనబడితే అందరూ దాని మీదే పడతారు. పడనీయే."
కడుపు నొప్పి పుట్టేలా నవ్వాం.

నవంబర్ 10
సెలక్షన్ ఆటకి చీటీలు తీసి మమ్మల్ని రెండు జట్లు చేశారు. ఎస్తేరు అవతలి జట్టులో.
నా రహస్యం కూడా అవతలి జట్టులో.

నవంబర్ 12
"పట్టీవాలా పైర్ పకడో!" పట్టీ ఉన్న కాలు పట్టుకోమని అవతలి జట్టుకి సార్ అరుపు. ముగ్గురు ఎడమ తొడ మీద పడ్డారు. ఒకత్తె మోచేయి ముక్కు మీద దిగింది. నోట్లో మట్టి, రక్తం. ఈడ్చుకుంటూ గీత దాటాను.
ఆఖరి కూత. మూలలో ఎస్తేరు. దాని చూపు నా కుడి తొడ మీద. పట్టీ లేని తొడ మీద. నన్ను పట్టిచ్చేస్తుంది, అనుకున్నాను.
అది దూకింది. చూడలేదు, ఆగలేదు — కుడి మడమతో మొహం మీద తన్నాను. పళ్లు విరిగిన చప్పుడు. తొడలో మళ్లీ చిరిగిన చప్పుడు. చెయ్యి గీతకి తగిలింది.
వెనక్కి తిరిగాను. ఎస్తేరు నోరంతా రక్తంతో బోర్లా పడి ఉంది. పిడికిట్లో నా పట్టీ. ఎడమ కాలి పట్టీ...

నవంబర్ 13
జాబితాలో నా పేరు ఉంది. నేను పనికిరాకపోతే నా బదులు ఎస్తేరు. పళ్లు లేకపోయినా ఆడొచ్చట.
"గెలిసినావు కదే, ఏడుపేటి?" అంటోంది అమ్మ. మడమలో పంటిగాట్లు. అమ్మకి చూపించలేదు.

నవంబర్ 14
ఎస్తేరు ఇంటికి వెళ్లాను, కుంటుతూ. వాళ్లమ్మ గుమ్మంలోనే నిలబడింది.
"మాట్లాడలేకపోతోందమ్మా. గంజి తాగుతోంది, గొట్టంతో."
లోపలికి రమ్మనలేదు.

నవంబర్ 15
సార్‌కి అనుమానం వచ్చింది. "పట్టీ ఎడమకి, కుంటడం కుడికి. ఏంటి సంగతి?" వంగి చెప్పు సర్దుకున్నాను. "సరే, నీ దోస్త్‌నే అడుగుతా."
సాయంత్రం ఎస్తేరు మెసేజ్.
"సార్ మా ఇంట్లోనే ఉన్నారు. నీకు దెబ్బ ఏ కాలికో కాగితం మీద రాయమంటున్నారు. ఏటి రాయమంటావు?"
చదివాను. ఫోన్ బోర్లా పెట్టాను.
మళ్లీ మోగింది.
మడమ సలుపుతోంది. తొడ కాదు, మడమ.